ఒప్పుకోలుతో పుట్టే 'పాత నేరం'

తోటలో రాలిన జీడిపిక్కలు ఏరుకుందని ఒక ఆడమనిషి మీద దొంగతనం కేసు పెట్టారు. తోట పాడుకున్నవాడే పట్టి ఇచ్చాడు. సంచిలో వున్నవి నాలుగైదు కిలోలు. వాయిదా రోజున కోర్టు గుమ్మం దగ్గరే ఆమెకు సలహా దొరికింది: "ఒప్పీసుకోమ్మా. రెండొందలో మూడొందలో ఫైనేస్తారు. కోర్టు లేచీ వరకూ కూకుంటే అయిపోద్ది. మద్దేన్నానికి ఇంటికెల్లిపోవచ్చు." ఆమె కూలి అప్పటికే పోయింది. ఇంకో వాయిదా అంటే ఇంకో కూలి. ఇంట్లో డయాలసిస్‌కు తీసుకెళ్ళాల్సిన మనిషి వున్నాడు. ఒప్పుకుంది. ఫైను కట్టింది. మధ్యాహ్నానికి నిజంగానే ఇంటికి వెళ్ళిపోయింది.

కొన్నేళ్ళ తర్వాత ఇంకో తోట, ఇంకో సంచి, ఇంకో కేసు. ఈసారి చార్జిషీటు అడుగున ఒక వాక్యం చేరింది: 'ఈమె పాత నేరస్తురాలు.' ఈసారి ఏడాదికి పైగా జైలు. ఆమె అడిగిన ప్రశ్న ఒక్కటే: "అప్పుడు కట్టీసినాను కదా, మల్లీ దానికేటి లెక్క?"

ఇది ఏ ఒక్క మనిషి కథా కాదు. పలాస, టెక్కలి, వజ్రపుకొత్తూరు, మందస, కవిటి పల్లెల్లో పనిచేసే మనలాంటి వాళ్ళకు ఎదురయ్యే సంగతుల్ని కలిపి ఒక మనిషిగా చెప్పాను. కానీ ఆ ప్రశ్న మాత్రం నిజమైనది. దానికి మనం ఇంతవరకూ సరిగా జవాబు చెప్పలేదు. ఆమెకు శిక్ష పడితే 'పాపం' అనుకున్నాం. శిక్ష ఎందుకు పెరిగింది, ఆ లెక్క ఎవరు కట్టారు, చట్టప్రకారం కట్టారా లేదా అని అడగలేదు. తీర్పు కాపీ తీసుకుని చదివిన వాళ్ళం మనలో ఎంతమందిమి?

రెండు దారులు, మధ్యలో ఒక పాత కాగితం

2024 జులై 1 నుంచి ఐ.పి.సి. స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. అందులో దొంగతనానికి శిక్ష చెప్పేది 303వ సెక్షన్. దొంగిలించిన సొత్తు విలువ 5000 రూపాయల లోపు వుండి, ఆ మనిషికి శిక్ష పడటం అదే మొదటిసారి అయి, సొత్తు గానీ దాని విలువ గానీ తిరిగి ఇచ్చేస్తే శిక్ష 'సమాజ సేవ' మాత్రమే. జైలు లేదు. అదే సెక్షన్ కింద రెండోసారి శిక్ష పడితే మాత్రం కనీసం ఏడాది, గరిష్ఠంగా ఐదేళ్ళ కఠిన కారాగారం, పైన జరిమానా.

సంచిలో వున్నది అవే పిక్కలు. అదే చేయి. ఒక దారి ఊరి బడి ఊడవటం వైపు పోతుంది, రెండోది జైలు వైపు పోతుంది. ఏ దారిలో పోవాలో నిర్ణయించేది సంచి కాదు, ఎప్పుడో ఒప్పుకుని కట్టిన మూడొందల రూపాయల రసీదు.

అంతటితో ఆగదు. పాత ఐ.పి.సి.లో 75వ సెక్షన్ ఒకటి వుండేది. కొత్త సంహితలో అది 13వ సెక్షన్. ఆస్తికి సంబంధించిన నేరాల్లో మూడేళ్ళు, ఆ పైన శిక్ష వేయదగ్గ నేరానికి ఒకసారి శిక్ష పడినవాళ్ళు మళ్ళీ అలాంటి నేరమే చేస్తే పదేళ్ళ వరకు, యావజ్జీవం వరకు కూడా శిక్ష వేయొచ్చు. మామూలు దొంగతనం మూడేళ్ళ నేరం. కాబట్టి పిక్కల సంచీ ఈ సెక్షన్ కిందికి వస్తుంది. పలాస పిక్కల కార్ఖానాలో పనిచేసే స్త్రీ కొంగులో గుప్పెడు పప్పు దొరికితే అది యజమాని సొత్తు కనుక 'పనివాళ్ళు చేసిన దొంగతనం' అవుతుంది. దానికి ఏడేళ్ళు. జీడిరసంతో వేళ్ళు కాలి పొక్కిపోయిన చేతికి ఏ కార్ఖానా ఎంత నష్టపరిహారం ఇచ్చిందో లెక్క కట్టే సెక్షన్ మాత్రం ఈ పుస్తకంలో లేదు.

ఆడవాళ్ళ చరిత్రను ప్రత్యేకంగా లెక్కపెట్టే చట్టం ఇంకొకటి వుంది. 1956 నాటి వ్యభిచార నిరోధక చట్టం 8వ సెక్షన్ ప్రకారం బహిరంగంగా విటులను పిలిచిందన్న నేరానికి మొదటిసారి ఆరు నెలల దాకా జైలు లేదా జరిమానా. రెండోసారి అయితే ఏడాది దాకా. ఈ కేసుల్లో కూడా 'ఒప్పుకో, ఫైను కట్టు' అనే మాటే నడుస్తుంది. హైవే పక్కన పట్టుబడిన ఆడమనిషి వీలైనంత త్వరగా తలదించుకుని అక్కడ్నుంచి బయటపడాలని చూస్తుంది. ఆ తొందరలో చేసిన ఒప్పుకోలే తర్వాత ఆమెను రెండింతల శిక్షలోకి నెడుతుంది. ఆమెను అక్కడికి తెచ్చిన వాడికీ, డబ్బిచ్చిన వాడికీ ఆ కాగితం మీద పేరే వుండదు.

చట్టం పెట్టిన మూడు తాళాలు

పాత శిక్షను చూపి కొత్త శిక్ష పెంచాలంటే చట్టం మూడు షరతులు పెట్టింది. ఇవి ఈ మధ్య వచ్చినవి కావు. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో వున్నవే. 2023 నాగరిక సురక్షా సంహితలో నంబర్లు మారాయి, అంతే.

మొదటిది: పాత శిక్ష ఏ తేదీన, ఏ కోర్టులో, ఏ నేరానికి పడిందో చార్జిలో రాయాలి (పాత కోడ్ 211(7), ఇప్పుడు 234(7)). మరిచిపోతే శిక్ష వేసేలోపు చేర్చవచ్చు. అసలు చేర్చకుండా శిక్ష పెంచకూడదు. 'ఈమె పాత నేరస్తురాలు' అన్న ఒక్క ముక్క సరిపోదు.

రెండోది: సెషన్స్ విచారణలోనూ, మేజిస్ట్రేటు ముందు నడిచే వారంటు కేసుల్లోనూ ఇప్పటి నేరం రుజువయ్యాకే పాత శిక్ష మాట ఎత్తాలి. అప్పటిదాకా ఆ భాగం చదివి వినిపించకూడదు, ప్రాసిక్యూషన్ దాన్ని ప్రస్తావించకూడదు (పాత కోడ్ 236, 248(3), ఇప్పుడు 259, 271(3)). ఎందుకు? 'అప్పుడు చేసింది కదా, ఇప్పుడూ చేసే వుంటుంది' అనే ఊహ జడ్జి మనసులో పడకూడదని. ఊళ్ళో పుకారు పనిచేసే పద్ధతి అదే. కోర్టు పద్ధతి అది కాకూడదు.

మూడోది, మనకు అన్నిటికన్నా ముఖ్యమైనది: పాత శిక్షను రుజువు చేయాలి. దానికి పాత కోర్టు రికార్డు ధ్రువీకరించిన నకలు కావాలి, లేదా జైలు అధికారి సర్టిఫికెట్టో, జైలుకు పంపిన వారంటో కావాలి. దానితో పాటు అప్పుడు శిక్ష పడిన మనిషీ ఇప్పుడు బోనులో వున్న మనిషీ ఒకరేనని సాక్ష్యం కావాలి (పాత కోడ్ 298, ఇప్పుడు 334). స్టేషన్ రిజిస్టరులో రాసుకున్న పేరు రుజువు కాదు.

మగవాడి విషయంలో మనిషిని పోల్చటం కొంత తేలిక. పుట్టినప్పటి ఇంటిపేరే పోయేదాకా వుంటుంది. ఆడదానికి పెళ్ళితో ఇంటిపేరు మారుతుంది, ఊరు మారుతుంది. ఒక కాగితంలో తండ్రి పేరు, ఇంకో కాగితంలో మొగుడి పేరు వుంటాయి. మన వైపు ఒక ఊళ్ళో ఒకే ఇంటిపేరుతో పది గడపలుంటాయి. ప్రతి గడపలో ఒక నీలమ్మో దాలమ్మో లక్ష్మో వుంటుంది. ఎవరి ఫైను ఎవరి ఖాతాలో పడుతోందో చూసేవాళ్ళు ఎవరు? పెళ్ళితో మన పేరు చెరిపేసిన సమాజమే, శిక్ష దగ్గరికొచ్చేసరికి అందరి పేర్లనూ ఒకటిగా కలిపేస్తోంది.

ఏది లెక్కలోకి వస్తుంది, ఏది రాదు

ఎఫ్.ఐ.ఆర్. శిక్ష కాదు. నడుస్తున్న కేసు శిక్ష కాదు. కొట్టేసిన కేసు, ప్రభుత్వం ఎత్తేసిన కేసు శిక్ష కాదు. బైండోవరు శిక్ష కాదు. రౌడీషీటు శిక్ష కాదు. అప్పీలులో రద్దయిన శిక్ష శిక్ష కాదు. పద్దెనిమిదేళ్ళు నిండకముందు బాల న్యాయ మండలి ముందు నడిచిన వ్యవహారం పెద్దయ్యాక అనర్హత కాకూడదని 2015 బాల న్యాయ చట్టం 24వ సెక్షన్ చెబుతోంది. పదహారు దాటినవాళ్ళ ఘోర నేరాల విషయంలో మాత్రమే మినహాయింపు వుంది. 13వ సెక్షన్ విషయంలో ఇంకొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. రెండో నేరం మొదటి శిక్ష పడిన తర్వాత చేసినదై వుండాలి. ఒకేసారి పెట్టిన నాలుగు కేసుల్లో ఒకే వారం శిక్షలు వేసి, మొదటిదాన్ని మిగతా మూడింటికీ 'పాత శిక్ష'గా చూపటం కుదరదు.

లోక్ అదాలత్ దగ్గర మన వాళ్ళు ఎక్కువగా మోసపోయేది ఇంకొక తేడా తెలియక. 'రాజీ' వేరు, 'ఒప్పుకోలు' వేరు. సొత్తు తాలూకు మనిషితో చట్టప్రకారం రాజీ పడితే అది నిర్దోషిగా విడుదలైనట్టే లెక్క. తప్పు ఒప్పుకుని ఫైను కడితే అది శిక్ష పడినట్టు లెక్క. రెండూ ఒకే హాల్లో, ఒకే రోజు, ఒకే బల్ల ముందు జరుగుతాయి. రెండిటి తర్వాతా మనిషి ఇంటికే వెళుతుంది. ఇద్దరూ 'కేసు కొట్టీసినారు' అనే ఊళ్ళో చెబుతారు. కానీ ఒకరి చరిత్ర ఖాళీగా వుంటుంది, రెండోవారి చరిత్ర ఆ రోజే మొదలవుతుంది.

ఉద్యమాల్లో వున్నవాళ్ళకు ఇది మరీ దగ్గరి విషయం. 2010 జులై 14న సోంపేట బీల భూముల్లో, 2011 ఫిబ్రవరి 28న టెక్కలి దగ్గర కాకరాపల్లిలో థర్మల్ విద్యుత్ కేంద్రాలకు ఎదురు నిలిచిన జనం మీద కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. ఆ పోరాటాల్లో ముందు వరసలో నిలబడింది ఆడవాళ్ళు. కాల్పుల తర్వాత కేసులు మీద పడిందీ వాళ్ళ ఊళ్ళ మీదే. సోంపేట ప్రాజెక్టుకిచ్చిన పర్యావరణ అనుమతిని జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ కాల్పులు జరిగిన ఆ రోజే రద్దు చేసింది. జనం చెప్పిందే సరైందని తేలినా వాళ్ళ పేర్లు ఎఫ్.ఐ.ఆర్.లలో వుండిపోయాయి.

కొత్త సురక్షా సంహిత 479వ సెక్షన్ ఇక్కడే మెలిక పెట్టింది. ఎన్నడూ శిక్ష పడని విచారణ ఖైదీ గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం జైల్లో వుంటే బెయిలు మీద వదలాలని ఒక చేత్తో ఇచ్చింది. ఒకటి కన్నా ఎక్కువ కేసులు నడుస్తుంటే ఆ వీలు లేదని రెండో చేత్తో తీసేసింది. అంటే రుజువు కాని కేసులే ఇప్పుడు 'చరిత్ర' అయ్యాయి. ఒక ధర్నాకి నాలుగు స్టేషన్లలో నాలుగు కేసులు పెట్టటం ఎవరి చేతిలో పని? పోలీసుల చేతిలో పని. పోలీసులు ఎన్ని కేసులు రాస్తే మన చరిత్ర అంత పొడవు. దీన్ని ప్రశ్నించకుండా హక్కుల గురించి మాట్లాడలేం.

ఈ నేల మీద ఇది కొత్త కాదు

1936 దాకా ఈ తాలూకాలు గంజాం జిల్లాలో వుండేవి. ఆ రోజుల్లో దండాసీలను 'నేరస్త జాతి'గా ముద్ర వేశారు. 1871లో వచ్చి, 1911లో మద్రాసు రాష్ట్రానికీ విస్తరించిన ఆ చట్టం కింద నేరం చేయనక్కర్లేదు, పుడితే చాలు. తల్లి కడుపులోంచి బయటపడ్డ ఆడపిల్లకు ఆ క్షణానికే 'పాత చరిత్ర' సిద్ధం. 1952లో చట్టం రద్దయింది. దాని బదులు 'అలవాటు నేరస్తుల' చట్టాలొచ్చాయి. పేరు మారింది, స్టేషన్ గోడ మీద ఫోటోలు మారలేదు. 1969లో ఉద్దానం, ఏజెన్సీ ఊళ్ళు రైతాంగ పోరాటంతో రగిలినప్పుడు ఈ ప్రాంతాన్ని కల్లోలిత ప్రాంతమన్నారు. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు కొన్ని ఊళ్ళ పేరు చెబితేనే స్టేషన్‌లో కళ్ళు ఎర్రబడేవి.

2024 అక్టోబర్ 3న జర్నలిస్టు సుకన్య శాంత వేసిన కేసులో సుప్రీంకోర్టు జైళ్ళలో కులాన్ని బట్టి పనులు పంచటం రాజ్యాంగ విరుద్ధమని తీర్పిచ్చింది. జైలు రిజిస్టర్లలో కులం గడి తీసేయమంది. 'అలవాటు నేరస్తులు' అనే మాటను చట్టంలో ఇచ్చిన నిర్వచనం ప్రకారమే వాడాలి తప్ప కులాన్ని బట్టి వాడకూడదని చెప్పింది. అంతకు చాలా ముందే, 1984లో, విజయ్ నారాయణ్ సింగ్ కేసులో 'అలవాటుగా' అంటే మళ్ళీ మళ్ళీ, ఎడతెగకుండా చేయటమనీ, ఒకటీ అరా పనులు అలవాటు కావనీ అదే కోర్టు చెప్పింది. చట్టం కింద కాకుండా కేవలం పోలీసు స్టాండింగ్ ఆర్డర్ల బలంతో రౌడీషీట్లు తెరవటం చెల్లదని 2022 జులైలో మన హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం అంది. ప్రభుత్వం దాని మీద అప్పీలుకు వెళ్ళింది. గమనించండి, పౌరుల చరిత్ర రాసుకునే అధికారం పోతుందనగానే ప్రభుత్వానికి అప్పీలు గుర్తొస్తుంది. ఆ చరిత్ర మోసే ఆడమనిషికి అప్పీలు అనేదొకటి వుందని చెప్పేవాళ్ళే లేరు.

ఎవరూ రాయని చరిత్ర

పెంచటానికి చరిత్ర చూసినట్టే తగ్గించటానికీ చూడాలి. ఇది దయ కాదు, చట్టం. నేరం రుజువయ్యాక శిక్ష గురించి ముద్దాయిని విడిగా వినాలి (పాత కోడ్ 235(2), 248(2)). ఆ వినటం తతంగం కాకూడదనీ, మనిషి నేపథ్యం, కుటుంబం, బతుకు గురించి చెప్పుకునే అవకాశం నిజంగా ఇవ్వాలనీ సుప్రీంకోర్టు 1976లో శాంతాసింగ్ కేసులో తేల్చింది.

దానికి రెండేళ్ళ ముందే ఒక తెలుగు స్త్రీ కేసు ఈ దారి వేసింది. 1974 నాటి ఈడిగ అనమ్మ కేసు. జంట హత్యల నేరం, కింద కోర్టు ఉరిశిక్ష వేసింది, హైకోర్టు ఖాయం చేసింది. సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ నేరం ఎంత ఘోరమో కాదనలేదు. కానీ ఆ మనిషెవరో చూశారు. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. మామ కొట్టి అత్తవారింటి నుంచి తరిమేస్తే ఒక్కగానొక్క బిడ్డతో పుట్టింట్లో వుంటోంది. ఈ చరిత్రను లెక్కలోకి తీసుకుని ఉరిని యావజ్జీవంగా మార్చారు. పోలీసు రిజిస్టరులో ఎక్కని చరిత్ర కూడా చరిత్రేనని దేశంలోని అత్యున్నత న్యాయస్థానం యాభై ఏళ్ళ కిందటే ఒప్పుకుంది.

మరి మన పిక్కల మనిషి తరఫున ఎవరైనా ఆ చరిత్ర చెప్పారా? 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను ఉద్దానం మీద పడి జీడి, కొబ్బరి తోటల్ని ఎలా కూల్చిందో, ఆ తోటల మీద బతికిన కూలీ ఏమయిందో చెప్పారా? ఇంట్లో కిడ్నీ పాడైన మనిషి వుంటే వారానికి ఎన్నిసార్లు పని పోతుందో చెప్పారా? మొగుడు వలస పోయి డబ్బు పంపని సంగతి చెప్పారా? చాలా చోట్ల రికార్డులో కనిపించేది ఒకే వాక్యం: 'శిక్ష గురించి అడుగగా, దయ చూపమని కోరినది.' ఆమె దయ కోరలేదు. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

ఇంకో సంగతి. ఉరి, యావజ్జీవం పడే నేరం కాకపోతే, పాత శిక్ష రుజువు కాకపోతే ఏ స్త్రీనైనా జైలుకు పంపకుండా మంచి నడవడి మీద వదిలే వీలు పాత కోడ్ 360వ సెక్షన్ ఇచ్చింది. ఇప్పుడది 401. ప్రొబేషన్ చట్టం అమల్లో వున్న చోట దీనికి బదులు ఆ చట్టమే వర్తిస్తుందని సుప్రీంకోర్టు చెప్పింది. మంచిదే. 1958 ప్రొబేషన్ చట్టం 4వ సెక్షన్ ఇంకా విశాలమైనది. పాత శిక్ష వున్నంత మాత్రాన అది తలుపు మూయదు. ఇలా వదలటానికి వీలున్న కేసులో వదలకపోతే జడ్జి ప్రత్యేక కారణాలు రాయాలి (పాత కోడ్ 361, ఇప్పుడు 402). కారణాలు రాయని తీర్పు అప్పీలులో నిలబడకూడదు. కానీ అప్పీలు వేస్తే కదా!

అప్పీలు ఎందుకు వేయం?

భయాలు చాలా వున్నాయి. ఒక్కొక్కటే చూద్దాం.

'ఒప్పుకున్నాక అప్పీలు లేదు కదా?' మేజిస్ట్రేటు ముందు నేరం ఒప్పుకుంటే దోషి అన్న నిర్ణయం మీద అప్పీలు లేదు, నిజమే. కానీ శిక్ష ఎంత, అది చట్టబద్ధమా అన్నదాని మీద అప్పీలు వుంది (పాత కోడ్ 375, ఇప్పుడు 416). పాత చరిత్రను తప్పుగా లెక్క కట్టటం సరిగ్గా ఆ కోవకే చెందుతుంది. వంద రూపాయలకు మించని ఫైను ఒక్కటే పడితే అప్పీలు లేదు. అప్పుడు రివిజన్ దారి వుంది.

'అప్పీలుకెళ్తే శిక్ష పెంచేస్తారేమో?' ముద్దాయి వేసిన అప్పీలులో శిక్ష తగ్గించవచ్చు, స్వభావం మార్చవచ్చు, పెంచకూడదు (పాత కోడ్ 386, ఇప్పుడు 427). పెంచాలంటే దానికి వేరే పద్ధతి వుంది, ముందు నోటీసు ఇవ్వాలి.

'గడువు?' మేజిస్ట్రేటు శిక్ష మీద శ్రీకాకుళం సెషన్స్ కోర్టుకు 30 రోజులు. సెషన్స్ శిక్ష మీద హైకోర్టుకు 60 రోజులు. తీర్పు నకలు తీసుకోవటానికి పట్టిన రోజులు ఇందులోంచి మినహాయిస్తారు. జైలుశిక్ష పడితే తీర్పు కాపీ అక్కడికక్కడే ఉచితంగా ఇవ్వాలి. గడువు దాటినా తగిన కారణం చూపిస్తే కోర్టు మన్నించవచ్చు.

'జైల్లో వుంటే ఎలా?' జైలు అధికారి ద్వారానే అప్పీలు పంపవచ్చు. శిక్ష మూడేళ్ళ లోపైతే, అప్పటిదాకా బెయిలు మీద వుంటే, అప్పీలు వేసుకునేందుకు శిక్ష వేసిన కోర్టే మళ్ళీ బెయిలివ్వాలి. కాదంటే ప్రత్యేక కారణం చెప్పాలి.

'డబ్బులు?' 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం స్త్రీకి ఉచిత న్యాయసహాయం ఆదాయంతో సంబంధం లేకుండా హక్కు. తెల్లకార్డు చూపించనక్కర్లేదు.

ఇక వాదన. 303వ సెక్షన్‌లో 'ఈ సెక్షన్ కింద రెండోసారి' అని వుంది. పాత ఐ.పి.సి. 379 కింద కట్టిన ఫైను 'ఈ సెక్షన్ కింద' శిక్ష ఎలా అవుతుంది? ఈ ప్రశ్న మన జిల్లా నుంచే లేవాలి. చార్జిలో తేదీ, కోర్టు రాశారా? నకలు దాఖలు చేశారా? మనిషిని పోల్చిన సాక్షి ఎవరు? శిక్ష మీద విన్నారా? ప్రొబేషన్ ఎందుకు ఇవ్వలేదో రాశారా? ఈ ఐదు ప్రశ్నలతో తీర్పు చదవటానికి లా డిగ్రీ అక్కర్లేదు.

లెక్క తప్పయితే సరిచేయటం కోర్టు పని అని ఇతర దేశాల్లోనూ పోరాడి గెలిచారు. అమెరికా ఫెడరల్ కోర్టుల్లో పాత శిక్షలకు మార్కులు వేసి, ఆరు తరగతులుగా విడగొట్టి శిక్ష కట్టే పద్ధతి 1987 నుంచీ వుంది. ఒక ముద్దాయి పాత కేసును పొరపాటున రెండుసార్లు లెక్కపెట్టారు. కింద కోర్టులో అతని లాయరు కూడా చూసుకోలేదు. 2018లో రోసాలెస్ మిరెలెస్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు, అప్పుడు అభ్యంతరం చెప్పకపోయినా ఆ తప్పు దిద్దాల్సిందేనంది. అనవసరంగా జైల్లో వుండే రోజులు ఎవరి జీవితంలోవైనా విలువైనవే. ఆ మార్కుల పద్ధతి మనకు ఆదర్శం కాదు. అక్కడా పోలీసులు ఎక్కువగా తిరిగే పేటల వాళ్ళకే ఎక్కువ మార్కులు పడతాయి. కానీ లెక్క అడగటం అనే అలవాటు మనం నేర్చుకోదగ్గది.

'నేరస్తుల పక్షమా?'

మనలోనే కొందరు అడుగుతారు: రెండోసారి అత్యాచారం చేసినవాడికి ఉరి కావాలని 2013లో చట్టం తెచ్చుకున్నాం. అలాంటి మనం పాత నేరాల లెక్క మీద ఇంత పట్టుబట్టటమేమిటి? అది నేరస్తులకు సందు ఇవ్వటం కాదా?

కాదు. లెక్క సరిగా కట్టకపోతే లాభపడేది ఎవరో ఆలోచించండి. డబ్బున్న ముద్దాయి హైకోర్టు దాకా వెళ్ళి, పాత శిక్ష రుజువు చేయలేదని చూపించి, పెరిగిన శిక్షను కొట్టేయించుకుంటాడు. ఆడవాళ్ళ మీద అత్యాచారాలు చేసినవాడికి ఆ స్తోమత వుండవచ్చు. పిక్కలు ఏరుకున్న మనిషికి ఆ స్తోమత లేదు. అంటే నిర్లక్ష్యపు లెక్క బలవంతుడిని వదిలి బలహీనురాలిని పట్టుకుంటుంది. రుజువు అడగటం నేరాన్ని సమర్థించటం కాదు. రుజువు లేకుండా చరిత్ర రాసే అధికారాన్ని రాజ్యం చేతిలో పెడితే అది మొదట వాడేది మన మీదే. ఉద్దానంలో వున్నవాళ్ళకు ఇది పుస్తకాల్లో చదివి తెలుసుకోవాల్సిన సంగతి కాదు.

మన తప్పు కూడా ఒప్పుకోవాలి. లోక్ అదాలత్ రోజున 'ఒప్పుకుంటే పని అయిపోతుంది' అని చెప్పిన వాళ్ళలో మన కార్యకర్తలూ వున్నారు. కేసు తెగితే చాలనుకున్నాం. ఎన్ని కేసులు 'పరిష్కరించాం' అని నివేదికల్లో రాసుకున్నాం. ఆ పరిష్కారాల్లో ఎన్ని ఈ రోజు ఎవరి చార్జిషీటు అడుగున 'పాత నేరం' అని కూర్చున్నాయో మనం వెతకలేదు. వెతకాలి.

అందుకే ఈ పనులు మనతోనే మొదలు కావాలి. కోర్టు వున్న ప్రతి ఊళ్ళో, లోక్ అదాలత్ జరిగే ప్రతి రోజూ, ఒప్పుకోలుకీ రాజీకీ తేడా చెప్పే మనిషి ఒకరు వరండాలో వుండాలి. జైలుశిక్ష పడిన ప్రతి స్త్రీ తీర్పు కాపీ ముప్పై రోజుల లోపు మన చేతిలో వుండాలి. రాజమండ్రి మహిళా జైలుకు వెళ్ళిన మన జిల్లా స్త్రీల శిక్షల్లో పాత చరిత్ర చూపి పెంచినవి ఏవో జాబితా తయారు కావాలి. ప్రభుత్వాన్నీ కోర్టులనూ మనం అడగాల్సినవి కూడా స్పష్టంగానే వున్నాయి. లాయరు లేని స్త్రీ ఒప్పుకోలును, అది రేపు 'పాత శిక్ష' అవుతుందని ఆమె భాషలో చెప్పకుండా నమోదు చేయకూడదు. ధ్రువీకరించిన నకలు లేకుండా చార్జిషీటులో 'పాత నేరస్తురాలు' అనే మాట రాయకూడదు. 479వ సెక్షన్‌లో నడుస్తున్న కేసుల్ని చరిత్రగా లెక్కపెట్టే భాగాన్ని తొలగించాలి.

"అప్పుడు కట్టీసినాను కదా, మల్లీ దానికేటి లెక్క?" అని ఆమె అడిగింది. ఆ లెక్క ఎవరు కట్టారో, ఏ కాగితం చూసి కట్టారో చూపించమని అడిగే హక్కు ఆమెకు వుంది. ఆమెతో పాటు శ్రీకాకుళం దాకా వెళ్ళి ఆ కాగితం అడగటం మన పని. ముప్పై రోజుల్లో అడగాలి.